చెవితో చూసిన సినిమాలు



ఈ మధ్య చూసిన పాత సినిమాల మీద నాకు తోచిన మాటలు మన తెనాలి సభలో చెప్పమన్నారు. ముప్పై రెండేళ్లు బడిలో తెలుగు పాఠం చెప్పి రిటైరయినవాణ్ణి. సినిమా శాస్త్రం చదువుకోలేదు. అయితే రెండేళ్లుగా మా ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నరకల్లా ఒక పాత సినిమా పడుతోంది. పడేది మా అమ్మ కోసం.

అమ్మకి ఎనభై ఆరేళ్లు. పుట్టిల్లు రేపల్లె పక్క పల్లె. గ్లకోమా వచ్చింది, మేం చూపించడం ఆలస్యమైంది, కంటినరం ఎండిపోయింది. దీపం వెలిగిందీ ఆరిందీ తెలుస్తుంది, అంతే. మొదట్లో పొద్దు పోతుందని సీరియళ్లు పెట్టాం. "ఎంతసేపూ ఆ డమడమలేగానీ ఒక్కళ్లూ మాట్లాడరేందిరా" అని తీసేయమంది. ఒకరోజు మా మనవరాలు ఫోనును టీవీకి కలిపి 'మిస్సమ్మ' పెట్టింది. అమ్మ మూడు గంటలూ మంచం మీద కదలకుండా కూర్చుంది. అయిపోయాక, "బాగా కనపడిందిరా" అన్నది.

ఆ మాట నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

నేను మొదట్లో పక్కన కూర్చుని తెర మీద ఏం జరుగుతోందో చెబుతుండేవాణ్ణి. ఇప్పుడు సావిత్రి లోపలికెళ్లింది, ఇప్పుడు రామారావు కిటికీ దగ్గర నిలబడ్డాడు అని. నాలుగో రోజున, "నువ్వు ఊరుకో నాయనా, వాళ్లు చెబుతున్నారుగా" అన్నది. అప్పటి నుంచి నోరు మూసుకుని నేనూ వినడం మొదలుపెట్టాను. ఇరవైసార్లు చూసిన సినిమాల్లో నేను ఎన్నడూ వినని మాటలు, నిట్టూర్పులు, ఆగి ఆగి పలికిన పలుకులు బయటపడ్డాయి. వాటి గురించే ఇవాళ చెబుతాను.

ఇంకో సంగతి గమనించాను. మేం మళ్లీ మళ్లీ పెట్టుకున్న సినిమాల్లో ఎక్కువ భాగం మన పక్కవాళ్లవే. తెనాలి నుంచి బాపట్లకి, బాపట్ల నుంచి రేపల్లెకి, రేపల్లె నుంచి మళ్లీ తెనాలికి ఒక గీత గీయండి. ఆ గీత లోపల, దాని అంచుల్లో పుట్టినవాళ్లను లెక్కపెట్టండి. చక్రపాణి తెనాలి. గోవిందరాజుల సుబ్బారావు తెనాలి. శారద తెనాలి. గుమ్మడి రావికంపాడు, జగ్గయ్య మోరంపూడి, కృష్ణ బుర్రిపాలెం. నాగయ్యను లోకమంతా చిత్తూరు నాగయ్య అన్నది గానీ ఆయన 1904లో పుట్టింది రేపల్లెలో. విశ్వనాథ్ పుట్టిన పెదపులివర్రు రేపల్లె దారిలోదే. స్థానం నరసింహారావు బాపట్ల. మాధవపెద్ది సత్యం, మాధవపెద్ది గోఖలే ఇద్దరూ పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరు వాళ్లు. 1916లో వేసిన తెనాలి–రేపల్లె రైలు మార్గం మీద ఒక పూటలో వీళ్లలో సగంమంది ఊళ్లు చుట్టి రావచ్చు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తెనాలి గుంటూరులో మిగిలింది, రేపల్లె బాపట్ల జిల్లాకి పోయింది. మాట మాత్రం విడిపోలేదు. నేను చెప్పబోయేది ఆ మాట గురించి, ఆ మాటని వినడం గురించి.

'మిస్సమ్మ'తోనే మొదలైంది కాబట్టి దాని గురించి ముందు. 1955 నాటిది. ఎల్వీ ప్రసాద్ దర్శకుడు, పింగళి మాటలు, మూలం 'మన్మయీ గర్ల్స్ స్కూల్' అనే బెంగాలీ రచన. దాన్ని తెలుగు ఇంటికి తెచ్చింది చక్రపాణి. క్షయ వచ్చి మదనపల్లె శానటోరియంలో మంచం మీద ఉన్న రోజుల్లో తోటి రోగి దగ్గర బెంగాలీ నేర్చుకున్నాడాయన. తర్వాత శరత్‌బాబును తెలుగులోకి తెచ్చాడు. ఆ అనువాదాలు చదివిన మా తాతల తరంలో చాలామంది శరత్ తెలుగువాడే అనుకున్నారు. ఒక భాషలో వంట వండి ఇంకో భాషలో వడ్డిస్తే ఉప్పు ఎక్కడ తగ్గుతుందో ఆయనకి తెలుసు. 'మిస్సమ్మ'లో ఎవరూ గొంతు చించుకోరు. పెళ్లికాని ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూపెళ్లాలమని అబద్ధమాడి ఒకే ఇంట్లో ఉన్నారు. ఇవాళ అదే కథ తీస్తే ఎన్ని వెకిలి మాటలు పెట్టి ఉండేవాళ్లో. సావిత్రి కసురుకున్నప్పుడు కూడా ఆ కసురు వెనక భయం వినపడుతుంది. ఆ వేషానికి మొదట అనుకున్నది భానుమతిని. ఆమె తప్పుకుంటే సావిత్రికి వచ్చింది. భానుమతి చేసి ఉంటే ఆ కసురు కసురుగానే ఉండేదనీ, అది కూడా బాగుండేదనీ, కానీ వేరే సినిమా అయ్యేదనీ నా అభిప్రాయం. డిటెక్టివ్ మేనల్లుడి హడావుడి మాత్రం మా ఇద్దరికీ కాస్త ఎక్కువనిపించింది.

అయితే నన్ను బాగా పట్టుకున్నది 'షావుకారు'. 1950లో వచ్చింది. విజయా వారి మొట్టమొదటి సినిమా. కథా మాటలూ చక్రపాణివి. షావుకారు చెంగయ్య వేషం గోవిందరాజుల సుబ్బారావుది. అంటే రాసిన చెయ్యీ పలికిన నోరూ రెండూ తెనాలివే. ఈ సినిమాను నేను కాలేజీ రోజుల్లో ఒకసారి చూసి, నత్తనడక అని పక్కన పెట్టాను. అది నా తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. రెండు పక్కపక్క ఇళ్లు, మధ్య గోడ. వియ్యమందుకోవాల్సినవాళ్లు ఊరి తగాదాలో ఒక మాట పట్టింపు వచ్చి పగవాళ్లవుతారు. కథ ఇంతే. ఈ కథకి పెద్ద పెద్ద సంఘటనలు అక్కర్లేదు. పక్కింటివాళ్లు పిలిస్తే పలకకపోవడం, పలికినా ముక్తసరిగా పలకడం, అంతకుముందు 'ఏమే' అన్న పిల్లను 'ఏమమ్మా' అనడం చాలు. మన ఊళ్లలో పగ అట్లాగే మొదలవుతుంది. కర్ర పట్టుకుని రాదు, పిలుపు మారి వస్తుంది.

అమ్మ ఒకచోట ఆపమంది. "ఆ ముసలాయన మాటకి ముందు ఒక గుటక మింగుతున్నాడు, విన్నావా?" అని అడిగింది. వెనక్కి తిప్పి విన్నాను. నిజమే. డబ్బు మాట వచ్చినప్పుడల్లా చెంగయ్య గొంతులో చిన్న తడబాటు. లోభివాడి నటన అంటే మనకి చేతులు నలుపుకోవడం, కళ్లు తిప్పడం గుర్తొస్తాయి. ఈయన లోభం గొంతులో పెట్టాడు. ఐదేళ్ల తర్వాత వచ్చిన 'కన్యాశుల్కం'లో ఆయనే లుబ్ధావధాన్లు. వరసగా రెండు రాత్రులు ఆ రెండు సినిమాలూ పెట్టాం. ఇద్దరూ పిసినారులే, ఇద్దరూ ముసలివాళ్లే. చెంగయ్యది ఇచ్చేటప్పుడు వణికే గొంతు, లుబ్ధావధాన్లుది భయపడేటప్పుడు వణికే గొంతు. చెంగయ్య మీద కోపం వచ్చి చివరకి జాలి కలుగుతుంది. లుబ్ధావధాన్ల మీద ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత, పసిపిల్లని పెళ్లాడబోయినవాడి మీద జాలిపడుతున్నామేమిటని మన మీద మనకే అనుమానం వస్తుంది. గిరీశంగా రామారావు, మధురవాణిగా సావిత్రి ఉన్న సినిమాలో నాకు రాత్రంతా చెవిలో మిగిలింది ఆ ముసలాయనే. 'షావుకారు'కి పేరొచ్చింది, డబ్బు అంతగా రాలేదు. మరుసటి ఏడాది 'పాతాళభైరవి' తీసి విజయావారు నిలదొక్కుకున్నారు. 'పాతాళభైరవి' అంటే నాకూ ఇష్టమే. కానీ చక్రపాణి 'షావుకారు' దారిలో ఇంకో నాలుగు తీసి ఉంటే తెలుగు సినిమా ముఖం వేరుగా ఉండేదని నా గట్టి నమ్మకం.

ఈ గోవిందరాజులవారికి ఆ గొంతు ఎక్కడిది? ఇదే ఊళ్లో, శ్రీరామవిలాస సభ నాటకాలది. మైకులు లేని రోజుల్లో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా పద్యం అందాలి. అట్లా గొంతు పెంచడం నేర్చినవాళ్లు సినిమాకొచ్చి, ఎదురుగా మైకు ఉందని తెలిసి గొంతు దించడం నేర్చుకున్నారు. పెంచడం కంటే దించడం కష్టం. ఆ రోజుల సినిమాలు చాలావాటిలో నటులు మైకు ముందు కూడా ఆఖరి వరసవాడికి చెబుతున్నట్టే ఉంటారు. గోవిందరాజుల పక్కనున్నవాడికి చెబుతాడు.

ఇదే సభలో బాపట్ల స్థానం నరసింహారావు సత్యభామై నడిచాడు. బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడుతుంటే చంద్రమతి వేషగాడు రాకపోవడంతో ఆయన మొదటిసారి చీర కట్టాడని చెబుతారు. తర్వాత ఆడవాళ్లే ఆయన నడక చూసి నేర్చుకున్నారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. సినిమాల్లో ఆయన కనపడింది చాలా తక్కువ. మనకి ఆయన్ని వినే దారి ఇంకొకటుంది. 1966 నాటి 'శ్రీకృష్ణ తులాభారం' పెట్టుకోండి. అందులో సత్యభామగా జమున గర్వంగా నిలబడి పాడే పాట, సుశీల గొంతులో మనందరికీ తెలిసిన పాట, నాటకంలో స్థానంవారు పాడి ఊరూరా తెలియజేసిందే. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆ నాటకం చూసి వచ్చి వారం రోజులు ఆ పాట కూనిరాగం తీశాడట. జమున పెరిగింది ఇక్కడికి కూతవేటు దూరంలో దుగ్గిరాలలో. బాపట్లలో పుట్టిన మగవాడు తెనాలి వేదిక మీద తీర్చిదిద్దిన సత్యభామ, దుగ్గిరాల అమ్మాయిలో తెర మీదకెక్కింది. ఆ సినిమా మొత్తం మీద నాకు పెద్ద గౌరవం లేదు, సెట్లు బరువు, పద్యాలు ఎక్కువ. జమున ఉన్నంతసేపు వేరే ఏదీ అడగబుద్ధి కాదు.

రేపల్లె మిత్రులు నాగయ్యగారి సంగతేమిటని చూస్తున్నారు. 'యోగి వేమన' 1947ది. కేవీ రెడ్డి తీశారు. ఈ సినిమా ఇప్పటి పిల్లలకి చూపించడం కష్టం. పాట మొదలైతే పాట అయ్యేదాకా కెమెరా కదలదు, కథ కదలదు. మా మనవరాలు పది నిమిషాలకే లేచిపోయింది. అమ్మ మటుకు, "ఆయనకి తొందర లేదు, మనకేం తొందర" అన్నది. అన్నగారి బిడ్డ జ్యోతి చనిపోయే ఘట్టం ఉంది. అప్పటిదాకా భోగాల్లో తిరిగిన వేమనని తిప్పే ఘట్టం అది. అక్కడ నాగయ్య ఏడవడు. నాకు తెలిసి ఆ రోజుల్లో ఇంకెవరైనా ఏడ్చేవాళ్లు, చూసేవాళ్లు ఏడవాలని. ఈయన దుఃఖం ఎదురుగా కూర్చుని అది చెప్పేది వింటున్నట్టుంటాడు. చాలా ఏళ్ల తర్వాత 'పాండురంగ మహాత్యం'లో కొడుకు చేత తరిమివేయబడే తండ్రిగానూ అంతే. ఎదుటివాడి మాట చెవిన పడి, లోపలికి దిగి, అక్కడ ఏదో విరగడం మనకి తెలుస్తుంది. 1965లో పద్మశ్రీ వచ్చింది. సంపాదించిందంతా ఇచ్చేసి, చివరి రోజుల్లో చిన్న చిన్న వేషాలకు వెళ్లి, 1973 డిసెంబరులో వెళ్లిపోయారు. మద్రాసు పానగల్ పార్కులో ఆయన విగ్రహముంది. పోయినప్పుడల్లా చూసి వస్తాను.

'మాయాబజార్' గురించి కొత్తగా చెప్పేదేముందని అనుకోవచ్చు. నేను 2010లో రంగులు వేసి విడుదల చేసినప్పుడు థియేటర్లో చూశాను. ఇంట్లో తెలుపు నలుపుల్లో మళ్లీ పెట్టాం. రంగుల్లో విందు గిన్నెలూ నగలూ మెరిశాయి, నిజమే, పిల్లలు కేరింతలు కొట్టారు. కానీ మార్కస్ బార్ట్లే తీసిన వెన్నెలకి రంగు అక్కర్లేదు. పడవ మీద వెన్నెల తెల్లగా ఉంటేనే అది వెన్నెల. గోఖలేగారి కళాదర్శకత్వం కూడా నలుపు తెలుపుల కోసమే ఆలోచించి చేసింది. అందుకే దానిలో లోతు ఎక్కువ.

అమ్మకి ఈ తగవుతో పని లేదు. ఘటోత్కచుడి భోజనం పాట రాగానే, "ఇది మన సత్యం కదా" అన్నది. ఎస్వీ రంగారావు నవ్వు దగ్గర ఎక్కడ ఆగుతుందో, సత్యం గొంతు ఎక్కడ అందుకుంటుందో నేను ఎన్నిసార్లు విన్నా అతుకు దొరకలేదు. తెర మీద నూజివీడులో పుట్టిన మనిషి, తెర వెనక బ్రాహ్మణకోడూరు గొంతు, ఇద్దరూ కలిసి ఒకే రాక్షసుడు.

ఈ సినిమాలో బలరాముడు గుమ్మడి. బలరాముడికి ఇచ్చిన మాట గుర్తుండదు, కోపం వస్తే ఆగదు, చెప్పుడుమాటలకి లొంగుతాడు. ఇట్లాంటి వేషాన్ని ఎవరైనా తెలివితక్కువగా చేసేస్తారు. గుమ్మడి పెద్దమనిషిగా చేశాడు. పొగిడేవాళ్ల మాటలు నమ్మేటప్పుడు ఆ ముఖంలో ఉన్నది అమాయకత్వం. నాకు అదే ఆ సినిమాలో అన్నిటికంటే కష్టమైన నటన అనిపిస్తుంది. రంగుల 'మాయాబజార్' విడుదలకు ముందు వేసిన ప్రత్యేక ప్రదర్శనకి ఆయన వెళ్లి చూశారు. విడుదల జనవరి 30న. ఆయన 26న వెళ్లిపోయారు. ఆయన గురించి చివర్లో మళ్లీ చెబుతాను.

2023 మే 31న కృష్ణ పుట్టినరోజుకి 'మోసగాళ్లకు మోసగాడు' 4కెలో మళ్లీ విడుదల చేశారు. అంతకు ముందు నవంబరులోనే ఆయన పోయారు. బుర్రిపాలెం పక్కనున్న ఊరివాళ్లం, వెళ్లకుండా ఉంటామా. థియేటర్లో కాగితాల వాన, ఈలలు, మా పక్కన నలభై ఏళ్ల మనుషులు కుర్చీలెక్కి డాన్సులు. ఆరుద్ర రాసిన మాట ఒక్కటీ వినపడలేదు. నాకు కష్టం కలగలేదు. 1971లో ఎడారి, గుర్రాలు, తుపాకులు తెలుగువాడికి చూపిస్తానని రాజస్థాన్ దాకా యూనిట్‌ను తీసుకెళ్లిన మనిషికి ఆ కేకలు దక్కాల్సినవే. వారం తర్వాత ఇంట్లో అమ్మకి పెట్టాను. అరగంట విని, "ఏందిరా, అన్నీ గుర్రాలేనా?" అన్నది. అది కంటి సినిమా. చెవికి అందులో పెద్దగా ఏమీ లేదు. ఈ తేడా మనం ఒప్పుకోవాలి. అన్ని పాత సినిమాలూ ఒకటే రకం గొప్పవి కావు.

ఆ రాత్రి అమ్మని ఊరుకోబెట్టడానికి 'అల్లూరి సీతారామరాజు' చివరి అరగంట పెట్టాను. 1974 నాటిది, తెలుగులో మొదటి సినిమాస్కోప్. స్కోప్ బొమ్మ మా టీవీలో పైనా కిందా నల్లపట్టీలతో రిబ్బనులా సన్నబడిపోతుంది. అమ్మకి మాత్రం అది ఏమీ తగ్గలేదు. కృష్ణ ఎదురుగా రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య. బుర్రిపాలెం, మోరంపూడి ఎదురెదురుగా నిలబడ్డాయి. జగ్గయ్య గొంతు గురించి చెప్పాలా? ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివినవాడు, రవీంద్రుడి గీతాంజలిని తెలుగులోకి తెచ్చినవాడు, 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకి వెళ్లినవాడు. కృష్ణ మాటలో ఆ నాణ్యత లేదని మా తరంలో అందరం అనేవాళ్లం. ఇప్పుడు విన్నాక నా మాట మార్చుకుంటున్నాను. జగ్గయ్య గొంతు చదువుకున్న గొంతు, అధికారం చేసే గొంతు. దాని ముందు కృష్ణ గొంతు మన ఊరి రైతు గొంతులా గరుకుగా, తొందరగా వస్తుంది. ఆ ఘట్టానికి కావాల్సింది అదే. ఇద్దరూ జగ్గయ్యల్లా మాట్లాడి ఉంటే అది కోర్టు వాదనలా ఉండేది. మహారథి రాసిన మాటలు అయిపోయాక అమ్మ, "తెల్లవాడు ఓడిపోయినట్టుందిరా, చంపేది అతనే అయినా" అన్నది.

ఇక 'శంకరాభరణం'. విశ్వనాథ్ మద్రాసులో వాహినీ స్టూడియో శబ్ద విభాగంలో పని మొదలుపెట్టి దర్శకుడైనవాడు. ఈ సంగతి నాకు ముందే తెలుసు గానీ ఆ సినిమా అర్థమైంది మాత్రం అమ్మ పక్కన కూర్చుని విన్నప్పుడే. సినిమా పొడుగునా మంజుభార్గవి వేసిన తులసి దాదాపు మాట్లాడదు. ఆమె పని వినడం. విద్వాంసుడైన శాస్త్రిగారు పాడతారు, ఆమె వింటుంది. ఆ వినడంలోనే ఆమె ప్రేమ, భక్తి, ఆమె బతుకు మొత్తం ఉన్నాయి. శ్రోతను కథానాయికగా పెట్టిన తెలుగు సినిమా నాకు ఇంకొకటి తెలియదు. తులసి ఉన్న చోట అమ్మకి ఏమీ వినపడదు కదా, అడిగాను, ఎట్లా తెలుస్తోందని. "ఆయన పాడే తీరు మారుతోందిగా, ఎవరో వింటున్నారని" అన్నది.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. వీధిలో కుర్రాళ్లు అర్ధరాత్రి పాశ్చాత్య సంగీతం మోగిస్తుంటే శాస్త్రిగారు బయటికొచ్చి పాడి వాళ్ల నోరు మూయించే ఘట్టానికి 1980లో హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఇప్పుడు అది మరీ సులువుగా గెలిచిన పందెంలా ఉంది. ఎదుటి సంగీతాన్ని బలహీనంగా పెట్టి గెలవడం అంత పెద్ద విద్వాంసుడికి తగదు. తులసి మౌనం ముందు ఆ గెలుపు చిన్నది. సినిమా 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. విశ్వనాథ్ 2023 ఫిబ్రవరి 2న వెళ్లిపోయారు. ఆ వార్త విన్న రాత్రి పెదపులివర్రు వైపు ఎన్ని ఇళ్లలో ఆ సినిమా పెట్టుకున్నారో.

పెట్టి ఆపేసిన సినిమాలూ ఉన్నాయి. శారద 'మనుషులు మారాలి', 1969. మలయాళ 'తులాభారం' తెలుగు రూపం. ఆ మలయాళ సినిమాకి శారదకి మొదటిసారి జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. తర్వాత 'స్వయంవరం'కీ, మన తెలుగు 'నిమజ్జనం'కీ. తెనాలి ఆడపిల్లకి మూడుసార్లు. 'మనుషులు మారాలి'లో పిల్లలు ఆకలని అడిగే దగ్గరికి వచ్చేసరికి అమ్మ, "ఆపెయ్యి నాయనా, ఇది నిజంగా ఏడుస్తోంది" అన్నది. అంతకంటే పెద్ద మెప్పు నేను చెప్పలేను. ఇంకొకటి 1938 నాటి 'మాలపిల్ల'. చలం కథ, గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం, కాంచనమాల కథానాయిక. మనకి దొరికే కాపీలో శబ్దం అరిగిపోయి గరగరలాడుతోంది. ఒక కాలంలో క్యాలెండర్ల మీద వెలిగిన ఆ ముఖాన్ని నేను చూడగలిగాను. ఆ గొంతుని అమ్మ సరిగా వినలేకపోయింది. 'బాలనాగమ్మ' తర్వాత కాంచనమాల మనసు కుదుటపడలేదు. చాలా ఏళ్లు మౌనంగా బతికి, 1981లో పోయింది. సినిమా బొమ్మను శుభ్రం చేసి రంగులు వేసేవాళ్లకి ఒక విన్నపం చేస్తున్నాను. ముందు శబ్దాన్ని శుభ్రం చేయండి. ఆ గరగర కింద మనుషులు ఇంకా మాట్లాడుతున్నారు.

గుమ్మడిగారి గురించి చివర్లో చెబుతానన్నాను. పోయిన నెల 'మహామంత్రి తిమ్మరుసు' పెట్టాం. 1962ది, కమలాకర కామేశ్వరరావుది. రామారావు కృష్ణదేవరాయలు, గుమ్మడి తిమ్మరుసు. ఈ కథ అందరికీ తెలిసిందే. చేతుల్లో పెంచిన రాజు అనుమానపడి తిమ్మరుసు కళ్లు పొడిపిస్తాడు. ఆ సంగతి నాకు గుర్తే. పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది. వేరే సినిమా పెడదామా అన్నాను. "గుమ్మడిది అన్నావుగా, పెట్టు" అన్నది. అమ్మకి గుమ్మడి గొంతంటే ఇష్టం. ఆ గొంతు తర్వాతి కాలంలో దెబ్బతింటే, ఇంకొకరి గొంతు పెట్టుకుని నటించడానికి మనసొప్పక ఆయన సినిమాలకి దాదాపు దూరమయ్యారు. గొంతు పోతే సగం మనిషి పోయాడనుకున్న నటుడు. మనవాడు కాబట్టే అట్లా అనుకున్నాడు.

ఆ ఘట్టం వచ్చింది. నేను అమ్మ వైపు చూస్తున్నాను, తెర వైపు కాదు. నిజం తెలిసి రాయలు వచ్చేసరికి అంతా అయిపోయింది. రామారావు గొంతు వణుకుతోంది. అమ్మ చెయ్యెత్తి, "కొంచెం వెనక్కి తిప్పు" అన్నది. తిప్పాను. మళ్లీ విన్నది. మూడోసారి కూడా తిప్పించింది.

"రామారావు మాట్లాడేటప్పుడు గుమ్మడి మొహం ఎట్లా ఉందో చెప్పు" అన్నది. రెండేళ్లలో తెర మీద ఏముందో ఆమె అడగడం అదే మొదలు.

చూశాను. చెప్పడానికి మాట రాలేదు. చివరికి, "పెద్దగా కదలడం లేదమ్మా. వింటున్నాడు" అన్నాను.

"అదీ" అని, దిండు సర్దుకుని, ఇంక పోనివ్వమంది.